మాకు కమీషన్ కూడా వస్తుందట!

అదే మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి. పదో తరగతి గ్రూపులో ఒకసారి, మా వీధి ఆడవాళ్ల గ్రూపులో రెండుసార్లు, నిన్న రాత్రి మా చిన్నమ్మ దగ్గర్నుంచి. చిన్నమ్మ కింద ఒక ముక్క కూడా చేర్చింది: "మీ షాపుల గిట్లనే చేస్తరా బిడ్డా?" మిగతా మూడూ చూసీచూడనట్టు వదిలేశాను గానీ ఈ ప్రశ్న మాత్రం నిద్ర పట్టనివ్వలేదు.

"సూపర్ మార్కెట్ల ఆన్‌లైన్ మోసం, పదిమందికీ పంపండి" అని మొదలై, ఫోన్లో ఆర్డర్ పెట్టి షాపు దగ్గర సంచి తీసుకునే పికప్ మీద ఆరు ఆరోపణలు చేస్తుంది ఆ మెసేజ్. నేను నల్గొండలో ఒక సూపర్ మార్కెట్లో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. నాలుగేళ్లు బిల్లింగ్‌లో ఉన్నాను, రెండేళ్లుగా ఈ ఆర్డర్లకే సరుకు ఏరుతున్నాను. కాబట్టి అందులో "వాళ్లు" అని రాసిన చోటల్లా నన్నే అంటున్నారు.

చిన్నవి ముందు తేల్చేస్తాను. "యాప్ మీ ఇంట్లో మాటలు వింటుంది" అట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మైక్ పర్మిషన్ తీసేయండి, అయిపోతుంది.

"26 కిలోల బియ్యం సంచి అనేదే పెద్ద మోసం, ఎవరైనా 26 కిలోలు అమ్ముతారా" అట. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. అది తగలకుండా 26 కిలోల సంచులు వచ్చాయి. అంతే కథ. అనుమానముంటే పికప్ కౌంటర్ పక్కనే కాటా ఉంది, అక్కడే వేయించుకోండి. తక్కువొస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గ్రూపులో పెడితే సంచిలో బియ్యం పెరగవు.

"ఏడాదిలో స్టాఫ్ అందరి ఉద్యోగాలూ పోతాయి" అన్నది మూడోది. మా దగ్గర ఎవరినీ తీసేయలేదు. అలాగని మానేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లనూ తీసుకోలేదు. బిల్లింగ్ నుంచి ఇద్దరం ఇటు వచ్చాం, అక్కడ మిగిలినవాళ్ల ముందు లైను పెరిగింది. మెసేజ్ రాసినాయన భయపెట్టడానికి రాశాడు గానీ, ఆ భయం మాకూ ఉంది. దీని మీద ఆయనతో గొడవ లేదు.

ఇక "పికప్ వచ్చాక స్టాఫ్‌కు పని తగ్గింది, ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు" అన్నది. నిలబడటం నిజమే. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మేము గోడౌన్‌లో నూనె డబ్బాల మీద కూర్చుంటాం, అదీ సూపర్‌వైజర్ అటు తిరిగినప్పుడు. మా చేతిలో ఉన్నది ఫోన్ కాదన్నా, స్కానర్. ఫోన్‌లాగే ఉంటుంది గానీ అందులో రీల్స్ రావు, టైమర్ వస్తుంది. మొన్న శనివారం ఒక ఆర్డర్‌లో 38 ఐటమ్స్. కొబ్బరికాయలు ఈ చివర, సబ్బులు ఆ చివర, బియ్యం సంచి వెనక గోడౌన్‌లో. ట్రాలీ నిండుతుండగానే స్కానర్ ఎర్రగా మారి ఇంకో రెండు ఆర్డర్లు చూపించింది. మధ్యలో షాపులోకి వచ్చినవాళ్లు "అమ్మా, చింతపండు ఎక్కడ?" అని అడిగితే చెప్పకుండా పోలేం కదా.

ఏరడం అయిపోయినా పని అయిపోదు. ఆ మధ్య పొద్దున పదిన్నరకు తిప్పర్తి వైపు నుంచి ఒక పెద్దమ్మ ఆటోలో వచ్చింది. కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఆర్డర్ పెట్టింది ఆయనే. ఓటీపీ ఆయన ఫోన్‌కు వెళ్లింది. అక్కడ అర్ధరాత్రి. "పోరడు పండుకున్నడు బిడ్డా, ఫోన్ ఎత్తుతలేడు" అంటుంది పెద్దమ్మ. సంచులు కళ్ల ముందే ఉన్నాయి, ఓటీపీ లేకుండా ఇస్తే నా జీతంలోంచి పోతుంది. ఆటో ఆయన బయట హారన్ కొడుతున్నాడు. ఆయన ఇంకో ఇరవై రూపాయలు అడిగితే నేనే ఇచ్చి ఆపాను. పావుగంటకు కోడలు ఫోన్ ఎత్తింది. మరి దీన్ని పని తగ్గడం అంటారో పెరగడం అంటారో మెసేజ్ ఆయనే చెప్పాలి.

ఐదోది చదివి నవ్వొచ్చింది. "లేని సరుకు బదులు ఖరీదైనది వేసి కమీషన్ కొడతారు." కమీషన్! సద్దుల బతుకమ్మ ముందురోజు పల్లీ నూనె కోసం నేను తిరిగిన తిరుగుడుకు ఎవరైనా ఇస్తే బాగానే ఉండేది. సిస్టమ్‌లో నాలుగు ప్యాకెట్లు, ర్యాక్‌లో సున్నా. సరుకు బిల్లు అయ్యేదాకా సిస్టమ్ లెక్కలోంచి పోదు. మూడు ప్యాకెట్లు ఎవరి ట్రాలీల్లోనో తిరుగుతున్నాయి. నాలుగోది ఎవరో మనసు మార్చుకుని అగరబత్తుల పక్కన పెట్టి పోయారు, అది నాకు మర్నాడు దొరికింది. ఆర్డర్ పెట్టినావిడకు మూడుసార్లు ఫోన్ చేశాను. తెలియని నంబరని ఎత్తలేదు. పొద్దుతిరుగుడు నూనె వేస్తే "నేనడిగింది ఇదా?" అని అరుస్తారు, వేయకపోతే "పండగ పూట నూనె లేకుండా పంపుతారా?" అని అరుస్తారు. వేశాను. అరిచింది. వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి పడేలా చేశాను. బదులు సరుకు నచ్చకపోతే కౌంటర్ దగ్గరే తిప్పి ఇవ్వొచ్చు, లేదా ఆర్డర్ పెట్టేటప్పుడే "బదులు వద్దు" అని నొక్కొచ్చు. కానీ ఆ బటన్ గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇప్పుడు అసలు విషం. "ఎక్స్‌పైరీ దగ్గరపడినవీ కుళ్లిన కూరగాయలూ కావాలనే ఆన్‌లైన్ వాళ్లకు అంటగడతారు." ఇది చదివి వచ్చినవాళ్లు కౌంటర్ దగ్గర నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. పోయిన వారం ఒకాయన 22 ప్యాకెట్లూ టేబుల్ మీద పరిచి ఒక్కోటి కళ్లద్దాలకు ఆనించి తేదీలు చదివాడు. అన్నీ బాగానే ఉన్నాయి. సారీ చెప్పలేదు సరికదా, "ఈసారి తప్పించుకున్నరు" అన్నాడు.

పాత తేదీ ముందు, కొత్త తేదీ వెనక. ప్రతి షాపులో ర్యాక్ సర్దేది అలాగే. షాపుకొచ్చిన మీరు పెరుగు ప్యాకెట్ల వెనక్కి మోచేయి దాకా చెయ్యి పెట్టి తీస్తారు, నాకు తెలుసు, మా అమ్మా అంతే. నాకేమో ముందున్నదే తీయమని ఆర్డర్. తేదీ దాటితే ఆ నష్టానికి సమాధానం చెప్పాల్సింది సెక్షన్ వాళ్లు. కస్టమర్ చేతికి చేరేసరికి గడువులో 30 శాతం గానీ, 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఆన్‌లైన్‌లో తిండి సరుకు అమ్మేవాళ్లకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 నవంబర్‌లో చెప్పింది. కానీ నా స్కానర్ బార్‌కోడ్ ఒక్కటే చదువుతుంది, తేదీ చదవదు. తేదీ చూడాల్సింది నేను, ఎర్ర టైమర్ నడుస్తుండగా. చాలాసార్లు చూస్తాను. ప్రతిసారీ చూస్తానని ఒట్టు వేయలేను. దీన్ని "కావాలని" అనడం మాత్రం అన్యాయం.

కూరగాయల సంగతికొస్తే, ఒక శనివారం సాయంత్రం, టైమర్‌లో రెండు నిమిషాలుండగా, రెండు కిలోల టమాటలు ఏరకుండా దోసిళ్లతో ఎత్తి కవర్లో పోశాను. అందులో నాలుగైదు మెత్తబడి ఉన్నాయని చేతికి తెలుస్తూనే ఉంది. తెలిసే ముడి వేశాను.

చిన్నమ్మా, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. పప్పు, ఉప్పు, సబ్బులు, నూనె ఫోన్లో పెట్టు, నేను చూసి ఏరతాను. కూరగాయలకు మాత్రం రైతుబజారుకు పో. నేనూ అక్కడే కొంటాను, ఆదివారం పొద్దున, డ్యూటీ ఎక్కకముందే.