నాలుగు ఆప్షన్లలో పట్టని పాత సినిమా

హాట్ సీట్లో ఒక సినిమా తార. తెర మీద ఎప్పుడో బ్లాక్ అండ్ వైట్ రోజుల సినిమా గురించి ప్రశ్న. హీరోయిన్ ఎవరు? లేదా ఏ సంవత్సరంలో విడుదలైంది? తార నవ్వేసి, ఇది మా అమ్మకైతే ఠక్కున వచ్చేసేది అంటారు. వ్యాఖ్యాత నవ్వుతారు, స్టూడియో అంతా చప్పట్లు. ఒక లైఫ్‌లైన్ ఖర్చవుతుంది, జవాబు లాక్ అవుతుంది, తర్వాతి ప్రశ్న వచ్చేస్తుంది. ఆ సినిమా గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. సెలబ్రిటీ క్విజ్ షోలు చూసేవాళ్లకి ఇది బాగా అలవాటైన సీనే.

తారకు జవాబు తెలియలేదని నాకేం కోపం లేదు. నటించేవాళ్లంతా సినిమా చరిత్ర బట్టీ పట్టాలని రూలేమీ లేదు కదా. నా కోపమంతా ప్రశ్న మీదే. నటన గురించి, కెమెరా గురించి పని చేసి తెలుసుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్లో వెతికితే అర నిమిషంలో దొరికే ముక్క అడిగి పంపించేస్తున్నారు.

ప్రశ్నలు తేలిగ్గా ఉండటానికి కారణాలు అందరికీ తెలిసినవే. గెలిచిన డబ్బు చాలాసార్లు సేవా సంస్థకు పోతుంది కాబట్టి అతిథిని మరీ త్వరగా ఇంటికి పంపడం బాగోదు. పేరున్న మనిషి నలుగురి ముందు తెల్లమొహం వేయడం అతిథికీ ఇష్టం ఉండదు, చానల్‌కీ ఇష్టం ఉండదు. పైగా విడుదలకు సిద్ధంగా ఉన్న సినిమా ఒకటి ఉంటుంది, దాని కబుర్లు చెప్పుకోవాలి. ఇదేమీ మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో 'జెపర్డీ' షో సెలబ్రిటీలతో చేసే ఎపిసోడ్లలో ప్రశ్నలు మామూలు వాటికంటే తేలిక. అక్కడే 1966లో మొదలైన 'హాలీవుడ్ స్క్వేర్స్' అనే షోలోనైతే తారలకు జోకులు, నమ్మించే తప్పు జవాబులు ముందే అందేవి. సరదా కోసం చేసే షో సరదాగానే ఉండనివ్వండి, అందులో నాకు పేచీ లేదు.

క్విజ్ షో, సినిమా ఒకదానికొకటి గట్టిగా తగిలిన సందర్భం మాత్రం సరదా కాదు. 1956 డిసెంబర్ 5. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో 'ట్వెంటీ వన్' అనే షో. హెర్బర్ట్ స్టెంపెల్ అనే పోటీదారు వారాల తరబడి గెలుస్తూ వస్తున్నాడు. గెలిపిస్తున్నది నిర్మాతలే. జవాబులు ముందే చెప్పేవారు, అద్దాల గదిలో నిలబడి నుదుటి మీద చెమట ఎలా అద్దుకోవాలో కూడా నేర్పారు. కొన్నాళ్లకు కొత్త ముఖం కావాలనిపించింది. కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పే, చూడ్డానికి చక్కగా ఉండే చార్ల్స్ వాన్ డోరెన్‌ని తెచ్చారు. స్టెంపెల్‌ని ఓడిపొమ్మన్నారు. ఇంతకీ ఏ ప్రశ్నకి తప్పు చెప్పమన్నారు? 1955 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన సినిమా ఏది అన్నదానికి.

జవాబు 'మార్టీ'. స్టెంపెల్‌కి ఎంతో ఇష్టమైన సినిమా అది, మూడుసార్లు చూశాడు. అయినా చెప్పమన్నట్టే 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' అన్నాడు. అది అంతకు ముందు ఏడాది గెలిచిన సినిమా. ఆ తప్పు జవాబు తనను చాలా బాధపెట్టిందని తర్వాత చెప్పుకున్నాడు. 'మార్టీ' చూసినవాళ్లకి ఆ బాధ అర్థమవుతుంది. మాంసం కొట్టులో పనిచేసే ముప్పై నాలుగేళ్ల బ్రహ్మచారి, ఒక శనివారం రాత్రి డాన్స్ హాల్లో తనలాగే ఎవరూ పట్టించుకోని అమ్మాయిని కలుస్తాడు. కథంతా అంతే. సినిమా మొత్తం గంటన్నర. అందులో హీరో అందగాడు కాడు, తెలివైనవాడిగా పోజు కొట్టడు. అలాంటి సినిమా పేరు తెలియనట్టు నటించి, తనకంటే అందగాడికి సీటు వదిలి బయటకు రావాల్సి వచ్చింది స్టెంపెల్.

ఆ మోసం తర్వాత బయటపడింది. 1959లో అమెరికా కాంగ్రెస్ విచారణలో వాన్ డోరెన్ ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఇలా ఫలితం ముందే నిర్ణయించి క్విజ్ షోలు నడిపించడం నేరమని చట్టం మార్చారు. నాకు ఇందులో కుంభకోణం కంటే ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఆస్కార్ పట్టిక బట్టీ పట్టినవాడూ 'మార్టీ' అనే అంటాడు, మూడుసార్లు చూసి మనసులో పెట్టుకున్నవాడూ 'మార్టీ' అనే అంటాడు. క్విజ్ షోకి ఆ ఇద్దరూ ఒకటే. నిజం చెప్పాలంటే, తేడా తెలుసుకునే దారే దానికి లేదు.

అప్పట్లో క్విజ్ షో మామూలు మనిషిని తీసుకుని సెలబ్రిటీని చేసేది. వాన్ డోరెన్ 1957లో 'టైమ్' పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కాడు, ఎన్‌బీసీలోనే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు తయారైన సెలబ్రిటీనే తెచ్చి కూర్చోబెడుతున్నారు. అలాంటప్పుడు పాత పద్ధతి ప్రశ్నలే ఎందుకు అడగాలి?

మన సినిమాల్లోంచే ఒక ప్రశ్న చూద్దాం. 'మాయాబజార్' (1957) సంగీత దర్శకుడు ఎవరు? ఘంటసాల. కరెక్ట్, తర్వాతి ప్రశ్న. కానీ ఆ సినిమాకి మొదట పనిచేసింది సాలూరి రాజేశ్వరరావు. 'లాహిరి లాహిరి'తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. మిగతా పనంతా ఘంటసాల తలకెత్తుకుని పూర్తి చేశారు. వినేవాడికి అతుకు ఎక్కడా కనిపించదు. అసలు చెప్పుకోదగ్గ కథ అక్కడుంది. నాలుగు ఆప్షన్లలో అది పట్టదు.

ఒక్కోసారి 'కరెక్ట్' జవాబే కరెక్ట్ కాకుండా పోతుంది కూడా. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, అందరూ చదివారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత రికార్డులు తిరగేసి అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. అంటే ఎన్నో క్విజ్ పుస్తకాల్లో, ఎందరో పోటీదారుల బుర్రల్లో ఉన్నది తప్పు తేదీ. తేదీ ఎలా తేలిందన్నదే మంచి ప్రశ్న అవుతుంది, తేదీ కాదు.

మరి ఏం అడగాలి? 'మాయాబజార్'లోనే 'అహ నా పెళ్ళంట' పాట రెండు నిమిషాలు వేయండి. అందులో కనిపించేది సావిత్రి. పాత్ర మాత్రం శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంది, ఆ క్షణంలో సావిత్రి ఒళ్లు మారుతుంది. నడక, భుజాలు, చూపు చూస్తే ఎస్వీ రంగారావు గుర్తొస్తాడు. ఇదంతా చూపించి, "ఇక్కడ శశిరేఖ ఎక్కడ పోయింది, ఎలా కనిపెట్టారు?" అని హాట్ సీట్లో ఉన్న నటిని అడగండి. ఆ సినిమా ఎప్పుడూ చూడని నటి కూడా దీనికి జవాబు చెప్పగలదు. ఎందుకంటే అది ఆమె పని. సంవత్సరం తెలియక తెల్లబోయే మనిషే ఇక్కడ మనకు పాఠం చెబుతుంది. చూస్తున్నవాళ్లలో కొందరైనా ఆ రాత్రికి సినిమా వెతుక్కుంటారు.

సెలబ్రిటీని సెలబ్రిటీలా వాడుకుంటే షో ఎంత బాగుంటుందో తెలియాలంటే పాత 'వాట్స్ మై లైన్?' చూడాలి. అమెరికాలో 1950 నుంచి 1967 దాకా సీబీఎస్‌లో వచ్చింది. అందులో ఒక భాగంలో కళ్లకు గంతలు కట్టుకున్న ప్యానెల్ ప్రశ్నలు అడిగి, ఎదురుగా ఉన్న ప్రముఖుడు ఎవరో కనిపెట్టాలి. 1957లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ వచ్చాడు. రచయితా? అవును. క్రీడలతో సంబంధం ఉందా? అవును. దాదాపు అన్నిటికీ అవునే. వ్యాఖ్యాత జాన్ డేలీ మధ్యలో దూరి సర్దాల్సి వచ్చింది. ఆట చెడిపోయింది. కానీ డాలీ ఎలాంటివాడో అంత బాగా చూపించే నిమిషాలు ఇంకెక్కడ దొరుకుతాయి?

ఉత్త పేరు వినిపించినా కుర్రాళ్లకు పాత సినిమా పరిచయం అవుతుంది కదా అంటారు. కొంత నిజమే. అయితే ఆప్షన్ 'సి'గా విన్న పేరు బ్రేక్ అయ్యేసరికి గుర్తుండదు. క్లిప్ వేయాలంటే హక్కులు కావాలి, ఖర్చవుతుంది అన్నది ఇంకాస్త గట్టి వాదన. కానీ వినోద చానళ్లు పాత సినిమాల టీవీ హక్కులు కొనుక్కుని మధ్యాహ్నాలు వేస్తూనే ఉన్నాయి. తమ దగ్గరున్న సినిమాతో మొదలుపెట్టొచ్చు. ఇక మిగిలేది టైమ్. ఇలా ఆడితే ఎపిసోడ్‌కి ఏడెనిమిది ప్రశ్నలకు మించి పట్టవు. కొత్త సినిమా షూటింగ్ కబుర్లు ఓ పది నిమిషాలు తగ్గిస్తే అదీ సర్దుకుంటుంది.