సవరణ: పాత బరోలోకు మూడు గంటల గాలి వద్దు

టురిన్‌లో మిత్రుల ఇంట భోజనం గురించి పోయిన వారం రాస్తూ, 1996, 2016 పంటల బరోలో (ఇటలీ ఎర్ర వైన్) సీసాలు రెండింటినీ మూడు గంటల ముందే గాలి తగలడానికి డికాంటర్ అనే గాజు కూజాలోకి వంపామన్నాను. అది తప్పు. అలా వంపింది 2016 సీసానే. దాని టానిన్ల వగరుకు నోరు పిడచగట్టుకుపోతుంది, గాలి తగిలితే కాస్త మెత్తబడుతుంది. 1996 సీసాను మడ్డి అడుక్కి దిగేలా ముందురోజే నిలబెట్టి ఉంచి, తినబోయే ముందు తెరిచాం. వంపేటప్పుడు సీసా మెడ కింద టార్చి పట్టుకుని, మడ్డి సీసా భుజం దాకా రాగానే వంపడం ఆపేశాం. గ్లాసు అంచున ఇటుక రంగు, ఎండు గులాబీ వాసన! అంత పాతదాన్ని గంటల తరబడి గాలికి వదిలితే ఆ వాసనే ఎగిరిపోవచ్చు. నా మాట నమ్మి ఎవరూ మంచి సీసా పాడుచేసుకోవద్దు. ఇంకొకటి: బరోలోను అమ్మకానికి పెట్టే ముందు నిలవ ఉంచాల్సింది నేను రాసినట్టు 36 కాదు, కనీసం 38 నెలలు. అందులో 18 చెక్క పీపాల్లో.