పార్కింగ్ ఉంది సార్!

మా ఆవిడ పిన్నిగారి అబ్బాయి పెళ్ళి బెజవాడలో. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 42 నిమిషాలకు. ఆ 42 నిమిషాలు పంతుళ్ళు ఎక్కడి నుంచి తెస్తారో గానీ, 4:42 అంటే మేం రెండున్నరకు లేవాలి, రెండింటికే మా అమ్మ లేచి మమ్మల్ని లేపాలి.

పెళ్ళివారు విడిది ఇస్తామన్నారు. మావాళ్ళ విడిది సంగతి నాకు తెలియనిది కాదు. ఒక హాలు, ముప్పై పరుపులు, ఒకే ఒక్క బాత్‌రూము, దాని ముందు భుజాన తువ్వాలు వేసుకుని వరసలో నిలబడ్డ పెదనాన్నలు. పైగా అమ్మకు మోకాళ్ళ నొప్పులు. "మనమే ఓ రూము తీసుకుందాం" అన్నాను. అన్నవాణ్ణి అక్కడితో ఊరుకోవలసింది. "మంచి పార్కింగ్ ఉన్నది చూద్దాం" అని కూడా అన్నాను.

హైదరాబాద్ నుంచి 275 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో రెండు రాత్రులు పడుకోవడానికి మా ఇంట్లో నాలుగు రోజులు చర్చ జరిగింది. ఫ్లాటు కొన్నప్పుడు కూడా ఇంత జరగలేదు. చివరికి రెండు హోటళ్ళు మిగిలాయి. రెండూ రోజుకు రెండు వేల లోపే. రెండింటికీ లిఫ్టు ఉంది. మొదటిది గాంధీనగర్‌లో. ఇటు నడిస్తే రైల్వే స్టేషన్, అటు ఏలూరు రోడ్డు దాటితే బీసెంట్ రోడ్డు. రెండోది రామవరప్పాడు రింగు దాటాక, ఏలూరు వెళ్ళే హైవే మీద, ఎనికేపాడు వైపు. ఫొటోలో హోటలు కన్నా దాని ముందున్న ఖాళీ స్థలమే పెద్దగా కనిపించింది.

నా ఓటు ఆ ఖాళీ స్థలానికి. కారు కొని ఎనిమిది నెలలే అయింది. ముందు సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మాది డిక్కీ ఉన్న చిన్న కారు. పొడవు నాలుగు మీటర్లు దాటకపోతే పన్ను తక్కువ పడుతుందని కంపెనీవాళ్ళు దాన్ని 3,995 మిల్లీమీటర్ల దగ్గర ఆపేశారు. ఆ మిగిలిన 5 మిల్లీమీటర్ల విలువేమిటో నాకు గాంధీనగర్‌లో తెలిసింది.

"ఇంతకీ పెళ్ళికి వెళ్తున్నది మనమా, కారా?" అంది మా ఆవిడ.

"రెండూ."

"అయితే అక్షింతలు అదే వేస్తుంది లెండి. నాకు బీసెంట్ రోడ్డులో పనుంది. మ్యాచింగ్ దొరకలేదు. అత్తయ్యకు కూడా నడిచే దూరంలో అన్నీ ఉంటాయి. ఆ హైవే మీద ఏముంటుంది, లారీలు తప్ప?"

రాజీ మార్గంగా గాంధీనగర్ హోటలుకు ఫోన్ చేశాను.

"మీకు పార్కింగ్ ఉందాండీ?"

"ఉంది సార్."

అంతే. అంతకు మించి నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. మన 'ఉంది' చాలా పెద్ద మనసున్న మాట. అబ్బాయికి ఊళ్ళో పొలం ఉంది అంటారు. అది కోర్టులో ఉందని పెళ్ళయ్యాక తెలుస్తుంది. పార్కింగూ అదే జాతి.

పొద్దున్నే ఐదింటికి బయల్దేరి పదకొండు కొట్టేసరికి బెజవాడ చేరాం. గొల్లపూడి దాటి, ఎడమ పక్క ఇంద్రకీలాద్రి, కుడి పక్క కృష్ణ కనిపిస్తుండగా ఫ్లైఓవర్ మీద హాయిగా వచ్చేశాం. 2020లో దీన్ని తెరవక ముందు ఆ కొండ కింద ఇంజను ఆపుకుని ఎన్ని గంటలు కూర్చున్నామో అమ్మ మనవరాలికి కథగా చెప్పింది. ఫ్లైఓవర్ దిగాకే అసలు బెజవాడ మొదలైంది. మూడు కాలువల మధ్య ఇరుక్కుని పెరిగిన ఊరు, రోడ్లు మాత్రం ఎటు జరుగుతాయి పాపం! మా సందు మొదట్లో చెరకు రసం బండి, దాని పక్కన నాలుగు ఆటోలు. నేను హారన్ కొడితే ఆటోవాళ్ళు నావైపు చూశారు, అంతే.

హోటలుకు సెల్లార్ ఉంది. అందులో టిఫిన్ సెంటర్ ఉంది. మరి పార్కింగో? హోటలుకూ పక్క బిల్డింగుకూ మధ్య ఒక సందు. వెడల్పు ఒక కారుకు చాలు. పొడవు ఐదు కార్లకు సరి. చివర గోడ. సోడాసీసా మెడలాంటి ఆ సందు ముందు ఖాకీ చొక్కా వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"రండి బాబూ! మీరే ఫస్టు. లోపల చివరిదాకా పోనివ్వండి. మీ బండికి ఏ గీతా పడదు."

అందరికన్నా ముందొచ్చి మంచి చోటు కొట్టేశానని పొంగిపోయాను. అద్దంలో మా ఆవిడ వంక గర్వంగా చూశాను కూడా.

లోపలికి వెళ్తే తలుపులు తెరుచుకోవని ముందే అందరినీ, సామానునూ దింపించాడు. డిక్కీ ఇటువైపు ఉంటే బయటికి తీసేటప్పుడు మీకే కష్టం, రివర్సులో రండి అన్నాడు. తను వెనక నడుస్తూ అరచేత్తో డిక్కీ మీద కొడుతూ దారి చెప్పడం మొదలుపెట్టాడు.

"రానీ... రానీ... కుడి కొట్టండి. ఫుల్లు కొట్టండి. తిప్పేయండి. రానీ... ఇంకా చోటుంది, రానీ... రానీ..."

డబ్!

"చాలు బాబూ."

తగిలింది గోడకు కాదట, గోడకు ఆనించిన పాత టైరుకట. "అందుకే పెట్టాం సార్" అన్నాడు నిబ్బరంగా. ఇక నేను దిగాలి. నా వైపు తలుపు బెత్తెడు తెరుచుకుని గోడకు ఆగిపోయింది. అవతలి తలుపు జానెడు తెరుచుకుంటుంది. సరే, అటు నుంచి దిగుదామని గేరు రాడ్డు మీదుగా ఒక కాలు వేశాను. రెండో కాలు స్టీరింగు కింద ఉండిపోయింది. బెల్టు బకిల్ హ్యాండ్‌బ్రేకుకు చిక్కుకుంది. చేత్తో సీటు పట్టుకోబోయి హారన్ మీద పెట్టాను. ఎనిమిది నెలలుగా కాపాడుకొచ్చిన ప్లాస్టిక్ కవరు పర్రుమని చిరిగింది. ఐదు నిమిషాలకు నేను ఆ జానెడు సందులోంచి పక్కవాటంగా బయటపడేసరికి మా అమ్మాయి నవ్వలేక కూలబడిపోయింది.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యకండి బాబూ, న్యూట్రల్‌లో ఉంచండి. తాళం ఇక్కడ మేకుకు తగిలించండి" అన్నాడు పెద్దాయన. అంటే మళ్ళీ లోపలికి వెళ్ళాలి. వెళ్ళాను.

ఆ పూట మాత్రం, ఉన్నమాట ఒప్పుకోవాలి, గాంధీనగర్ గెలిచింది. మా ఆవిడ నడిచి వెళ్ళి బీసెంట్ రోడ్డులో మ్యాచింగ్ గాజులు, లేసు, పిన్నీసులు, అమ్మకు లోపలి లంగా, ఎవరూ అడగని రెండు డజన్ల హెయిర్‌బ్యాండ్లు కొనుక్కొచ్చింది. "ఆ హైవే మీద ఉంటే ఇవన్నీ ఎక్కడ దొరికేవి?" అని రాత్రి అన్నం తింటూ మూడుసార్లు అడిగింది. హెయిర్‌బ్యాండ్లు దొరకకపోయినా బతికేవాళ్ళం అని నేననలేదు.

మూడున్నరకు పట్టుపంచె, ఉత్తరీయంతో కిందికి దిగాను. నేను పంచె కట్టేది ఏడాదికి ఒకసారి, అదీ బెల్టు దయ మీద. సందులో మా కారు ముందు నాలుగు కార్లు బారులు తీరి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, అందరికన్నా ముందొచ్చినవాడు అందరికన్నా చివర బయటపడతాడని. రైలు జనరల్ బోగీలో ఎన్నిసార్లు చూశాను, బుర్రకెక్కితేగా!

పెద్దాయన కంగారు పడలేదు. మేకుల మీది తాళాలు తీసి ఒక్కొక్క కారునూ సందులోంచి రోడ్డు మీదికి తోశాడు. తోశాం. ఒకటి, రెండు, మూడు. నాలుగోది, సరిగ్గా మా కారును ఆనుకుని ఉన్న తెల్ల కారు. దాని మేకు ఖాళీగా ఉంది.

"మూడొందల రెండు వారిది" అన్నాడు.

పైకి పరిగెత్తి తలుపు కొట్టాను. పలుకు లేదు. రిసెప్షన్‌లో రెండు కుర్చీలు కలుపుకుని పడుకున్న అబ్బాయిని లేపాను.

"ఆయన కొండకెళ్ళారు సార్, అమ్మవారి దర్శనానికి."

"కారు ఇక్కడే ఉందిగా?"

"ఆటోలో వెళ్ళారు."

"సొంత కారుండగా ఆటో ఎందుకయ్యా?"

"కారు తీస్తే మళ్ళీ వచ్చేసరికి ఈ చోటు ఉండదని సార్."

నాకు కాసేపు మాట రాలేదు. ఆయన మీద కోపం కన్నా గౌరవమే ఎక్కువ కలిగింది.

తోసి చూద్దామన్నాను. ఆ మహానుభావుడు భారమంతా అమ్మవారి మీద వేసి వెళ్ళాడే గానీ హ్యాండ్‌బ్రేకు మాత్రం తనే గట్టిగా వేసి వెళ్ళాడు. నేను, పెద్దాయన, రిసెప్షన్ అబ్బాయి, పాలు వేయడానికొచ్చిన ఇంకో కుర్రాడు కలిసి బంపరు కింద చేతులు పెట్టి ఎత్తాం. ఒకటి, రెండు, మూడు అన్నప్పుడల్లా కారు కాస్త లేచి, మా మీద దయ తలచి మళ్ళీ అక్కడే కూర్చునేది. నాలుగోసారి నా పంచె అంచు మీద పాలకుర్రాడు కాలు పెట్టాడు. నేను పైకి లేచాను, పంచె లేవలేదు. బెల్టు అసలు పని ఏమిటో ఆ రోజు చూపించింది గానీ, సగం పనే చూపించింది.

సందు బయట నుంచి అమ్మ కేకేసింది. "ఒరేయ్, ఆటోవాడు పటమటకు రెండొందల యాభై అన్నాడు. రెండొందలకు ఒప్పించాను. వస్తావా, కార్లు మోస్తూ ఉంటావా?"

చూస్తే ముగ్గురూ అప్పటికే ఆటోలో కూర్చుని ఉన్నారు. నేను డ్రైవరు పక్కన సర్దుకున్నాను. ఉత్తరీయం గాలికి ఎగిరి అతని మొహం మీద పడుతుంటే, ప్రతి మలుపు దగ్గరా నేను దాన్ని లాగుతూ, అతను నన్ను లాగుతూ కల్యాణ మండపం చేరాం. 4:50. జీలకర్రా బెల్లం అయిపోయింది. వధూవరుల నెత్తి మీద చేతులు ఇంకా తీయలేదు కాబట్టి అయిపోనట్టే లెక్క అని మా ఆవిడ తీర్పు చెప్పింది. గుమ్మంలో ఆమె బాబాయిగారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కార్లో వస్తామన్నారుగా అల్లుడుగారూ?" అన్నారు. నా తెల్ల పంచె మీద ఐదు వేళ్ళూ నల్లగా అచ్చుపడి ఉన్నాయి. గ్రూపు ఫొటోలో నా చేతిలో ఉన్న అక్షింతల కన్నా అవే స్పష్టంగా పడ్డాయి.

పన్నెండు కావస్తుండగా హోటలుకు తిరిగొచ్చాం. కసిగా వెళ్ళానా, మూడొందల రెండు ఆయన కింద సోఫాలో నుదుట కుంకుమతో, చేతిలో పులిహోర పొట్లంతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "మీరేనా వెనక కారు? క్షమించాలండీ. ముందు ప్రసాదం తీసుకోండి" అని లడ్డు చేతిలో పెట్టాడు. నోట్లో అమ్మవారి లడ్డు పెట్టుకుని ఎవరినైనా ఏమనగలం? పైగా అప్పటికి ఆయన కారు ముందు కొత్తగా మూడు కార్లు చేరాయి. ఆయనా తొమ్మిదిన్నర నుంచి అక్కడే కూర్చుని ఉన్నాడట. ఒకే జైల్లో ఉన్నవాళ్ళం, పులిహోర పంచుకు తిన్నాం.

చోటు ఖాళీ అయ్యేసరికి ఒంటిగంటన్నర. హోటలుది 24 గంటల చెకౌట్. పదకొండుకు వచ్చాం కనుక రెండున్నర గంటలు దాటిందని సగం రోజు అద్దె వేశారు. "కారు బయటికి రాకపోతే మేమెలా ఖాళీ చేస్తామండీ?" అన్నాను. "కారుకు మేం ఏమీ తీసుకోవడం లేదు సార్, పార్కింగ్ ఫ్రీ" అన్నాడు.

రెండో రాత్రికి నా మాటే నెగ్గింది. ఎనికేపాడు వైపు హోటలుకు వెళ్ళాం. అబ్బ, ఏం పార్కింగ్! క్రికెట్ ఆడుకోవచ్చు. నిజానికి ఆడుతున్నారు కూడా. కారును అడ్డంగా పెట్టాను, తృప్తి చాలక నిలువుగా పెట్టాను. నాలుగు తలుపులూ ఒకేసారి తెరిచి కాసేపు చూసుకున్నాను. హాయిగా పైకి వెళ్ళి పడుకున్నానో లేదో, అమ్మ సంచి వెతుకుతూ అంది.

"ఒరేయ్, నా మోకాళ్ళ నూనె సీసా ఆ హోటలు బాత్‌రూము కిటికీలో ఉండిపోయింది."

"కొత్తది కొందాం."

"అది మీ మేనత్త కాచి పంపిన నూనె. బజార్లో దొరకదు."

ఆటో అడిగితే రానూపోనూ చెప్పిన రేటు మా రూము అద్దెకు మేనమామ వరసలా ఉంది. కారు తీశాను. సాయంత్రం ఏడు, ఏలూరు రోడ్డు. ఆ హోటలు ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాను, ఒక్క నిమిషం ఆపుకునే చోటు లేదు. నాలుగోసారి చెరకు రసం బండి దగ్గర ఖాకీ చొక్కా కనిపించింది. పెద్దాయన నన్ను గుర్తుపట్టి మొహమంతా నవ్వుతో చెయ్యి ఊపాడు.

"రండి బాబూ! చోటుంది. మీరే ఫస్టు. రానీ... రానీ..."

ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. సీసా కోసం పైకి వెళ్ళి వచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. సందు మొదట్లో, నా కారు ముందు, ఒక పెద్ద కారు ఆగి ఉంది. దాని ఓనరు తాళం జేబులో వేసుకుంటూ ఆటోవాణ్ణి అడుగుతున్నాడు.

"కొండకెంత?"