జూలై 14 ఎందుకని అడిగితే "ఎగ్జామ్‌లో రాదు" అన్నారు

ఇప్పుడే ఫ్రెంచ్ క్లాసు అయింది. ల్యాప్‌టాప్ మూసేశాను గానీ కోపం దిగలేదు, అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

ఈ రోజు పాఠం సెలవుల గురించి. స్క్రీన్ మీద ఫ్రాన్స్ సెలవుల పట్టిక పెట్టారు. మే 8, జూలై 14, నవంబరు 11. తేదీ ఫ్రెంచ్‌లో పలకాలి, పక్కనున్న బొమ్మ చూసి ఒక వాక్యం చెప్పాలి. జూలై 14 పక్కన బాణసంచా బొమ్మ ఉంది. నేను అడిగింది ఒక్కటే. "సర్, ఈ సెలవు బాస్టిల్ కోట పట్టుకున్నందుకా, లేక మరుసటి ఏడాది జరిగిన ఉత్సవానికా?" ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది ఎగ్జామ్‌లో రాదు మేడమ్, మనకి సిలబస్ పూర్తవ్వాలి" అన్నారు. వెంటనే చాట్‌లో ఒకబ్బాయి, "అక్కా, మీరు హిస్టరీ క్లాసు వేరే పెట్టించుకోండి, మాకు ఎన్‌సీఎల్‌సీ 7 వస్తే చాలు" అని రాశాడు. ఎన్‌సీఎల్‌సీ అంటే కెనడావాళ్ళు ఫ్రెంచ్ ఎంత వచ్చో కొలిచే స్థాయిలు. ఆ మాట కింద వరసగా నవ్వు బొమ్మలు.

జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది. 1789 జూలై 14న పారిస్ జనం బాస్టిల్ కోట మీద పడ్డారు. లోపల ఉన్న ఖైదీలు 7 మందే. జనానికి కావలసింది తుపాకి మందు. సరిగ్గా ఏడాదికి, 1790లో అదే తేదీన, షాన్ ద మార్స్ మైదానంలో పెద్ద ఉత్సవం చేశారు. పదహారో లూయీ రాజు కూడా అక్కడికి వచ్చి జనం ముందు ప్రమాణం చేశాడు. అప్పటికింకా రాజూ ప్రజలూ కలిసి బతకొచ్చని నమ్మేవాళ్ళున్నారు. తొంభై ఏళ్ళ తర్వాత, 1880లో, జాతీయ పండుగ ఏ రోజు పెట్టాలని పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడు, నెత్తురు పారిన రోజును పండుగ చేసుకోవడమేంటని కొందరు అడ్డం తిరిగారు. అలాంటప్పుడు 1790ని తలుచుకోండి అన్నారు ఇంకొందరు. చివరికి చట్టంలో జూలై 14 అని మాత్రమే రాసి, ఏ సంవత్సరమో రాయకుండా వదిలేశారు. ఒక దేశం తనలో తాను పడ్డ గొడవంతా ఆ రాయకుండా వదిలేసిన చోట ఉంది. నేను అడిగింది అదీ.

ఎవరో విదేశీయుడు తెలుగు నేర్చుకోవడానికి వచ్చాడనుకోండి. ఆగస్టు 15 అంటే జెండాలు ఎగరేసి పిల్లలకి చాక్లెట్లు పంచే సెలవు అని మాత్రం చెప్పి పంపేస్తామా? వాడు మన పేపర్లో ఒక్క సంపాదకీయం అర్థం చేసుకోగలడా?

అదే పట్టికలో మే 8 కూడా ఉంది. 1945లో నాజీ జర్మనీ ఓడిపోయిన రోజు, ఫ్రాన్స్‌లో విజయోత్సవం. అదే రోజు, అప్పటికి ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న అల్జీరియాలోని సెటీఫ్ పట్టణంలో మాకూ స్వాతంత్ర్యం కావాలని ఊరేగింపుగా వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. గొడవలు చెలరేగాయి, యూరోపియన్లూ చనిపోయారు, తర్వాతి వారాల్లో సైన్యం, సాయుధ గుంపులూ కలిసి వేలమంది అల్జీరియన్లను చంపారు. ఒకే తేదీ ఒకరికి పండుగ, ఇంకొకరికి గాయం. రేపు మీరు పారిస్‌లోనో మాంట్రియల్‌లోనో ఉద్యోగంలో చేరితే పక్క సీట్లో అల్జీరియా నుంచి వచ్చిన కుటుంబంవాళ్ళు ఉండొచ్చు. వాళ్ళతో మే 8 గురించి ఏం మాట్లాడతారు? బాణసంచా బాగుందంటారా?

నవంబరు 11 సంగతి సరేసరి. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు అది. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ పోగొట్టుకున్న సైనికులు దాదాపు 14 లక్షల మంది. ఆ దేశంలో ఎంత చిన్న ఊరికి వెళ్ళినా చర్చి దగ్గరో మునిసిపల్ ఆఫీసు ముందో ఒక రాతి స్తంభం, దాని మీద యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి కుర్రాళ్ళ పేర్లు ఉంటాయి. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు వస్తుంది, అన్నదమ్ములన్నమాట. ఆ రాయి మీద చెక్కిన వాక్యం చదవగలిగితే నాకు ఫ్రెంచ్ వచ్చినట్టు. మా క్లాసులో నవంబరు 11 పక్కన ఎర్రపువ్వు బొమ్మ పెట్టారు. అది కూడా ఇంగ్లీషువాళ్ళ గుర్తు. ఫ్రాన్స్‌లో యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునేది నీలం పువ్వు.

"కల్చర్" పేరుతో వీళ్ళు చెప్పేదేమిటో కూడా చెప్తాను. క్రోసాన్, ఈఫిల్ టవర్, చీజు, పెర్ఫ్యూమ్. పోయిన నెల ఒక వీడియోలో పదహారో లూయీ భార్య మరీ ఆంత్వానెత్ "రొట్టె లేకపోతే కేకు తినండి" అన్నదని నిజంగా జరిగినట్టే పాఠం చెప్పారు. ఆ మాట ఆ కాలపు రచయిత రూసో తన ఆత్మకథలో ఎవరో ఒక రాకుమారి అన్నదని పేరు లేకుండా రాశాడు. ఆయన అది రాసేనాటికి ఈమె ఆస్ట్రియాలో చిన్నపిల్ల. ఆమె అన్నదనడానికి ఆధారమే లేదు. అబద్ధం చెప్పడానికి క్లాసులో టైముంది, నిజం అడిగితే సిలబస్ అడ్డం వస్తుంది!

పరీక్ష సంగతే మాట్లాడుకుందాం, అదే ముఖ్యమంటున్నారు కాబట్టి. బీ2 (మధ్యస్థం దాటిన) స్థాయిలో మాట్లాడే పరీక్ష అంటే ఒక విషయం మీద మీ అభిప్రాయం చెప్పి, ఎదుటివాళ్ళు అడ్డుకుంటే నిలబెట్టుకోవాలి. దానికి మన కోచింగులు కనిపెట్టిన మందు టెంప్లేట్. "ఒకవైపు ఇలా, మరోవైపు అలా, ముగింపుగా నా ఉద్దేశం" అని బట్టీ పట్టించి, మధ్యలో ఖాళీల్లో ఏ టాపిక్ వస్తే అది పెట్టమంటారు. స్కూళ్ళలో మతచిహ్నాల మీద ప్రశ్న వచ్చిందనుకోండి. ఖాళీలో ఏం పెడతారు? 1905లో చర్చినీ రాజ్యాన్నీ విడగొడుతూ చట్టం చేశారని, అంతకుముందు బడి ఎవరి చేతిలో ఉండాలని రెండు పక్షాలూ దశాబ్దాలు కొట్టుకున్నాయని, డ్రైఫుస్ అనే యూదు సైనికాధికారిని 1894లో తప్పుడు కేసులో ఇరికిస్తే దేశం రెండు ముక్కలైందని, ఆయన నిర్దోషి అని తేల్చడానికి 1906 దాకా పట్టిందని తెలిస్తే కదా నోట మాట వచ్చేది! 2004లో స్కూళ్ళలో మతచిహ్నాలు కొట్టొచ్చినట్టు కనపడేలా పెట్టుకోవద్దన్న చట్టం ఆ పాత గొడవ వెనకాలే వచ్చింది.

వ్యాకరణం కూడా చరిత్రతో ఎంత తేలిగ్గా ఎక్కుతుందో! ఫ్రెంచ్‌లో గడిచిన కాలానికి రెండు రూపాల దగ్గర మనవాళ్ళందరూ తడబడతారు. 1791 జూన్‌లో పదహారో లూయీ రాజు కుటుంబంతో సహా మారువేషంలో పారిస్ నుంచి పారిపోయాడు. చీకటిగా ఉంది, బండి మెల్లగా వెళ్తోంది, పిల్లలు నిద్రపోతున్నారు, ఇవన్నీ ఒక రూపంలో. వారెన్ అనే ఊళ్ళో బండి ఆపారు, రాజును గుర్తుపట్టారు, వెనక్కి తీసుకొచ్చారు, ఇవి రెండో రూపంలో. నేను ఇది సొంతంగా రాసుకుంటేనే అర్థమైంది. క్లాసులో నెలల తరబడి "పాల్ టీ తాగుతుండగా ఫోన్ మోగింది" అని చేయించారు. ఎవడీ పాల్? వాడికి ఫోన్ వస్తే నాకేంటి?

ఇక ఆ అబ్బాయి ఎన్‌సీఎల్‌సీ 7 దగ్గరికొస్తాను. తమ్ముడూ, కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) ఫ్రెంచ్ వస్తే 50 పాయింట్ల వరకు అదనంగా ఇస్తున్నారు కదా, ఎందుకిస్తున్నారో ఎప్పుడైనా అడిగావా? ఆ పాయింట్ల వెనక ఉన్నది చరిత్రే. 1755 నుంచి ఇంగ్లీషువాళ్ళు ఇప్పటి కెనడా తూర్పు తీరంలోని అకాడియా నుంచి ఫ్రెంచ్ కుటుంబాలను ఓడల్లోకి ఎక్కించి తలోదిక్కుకీ తరిమేశారు. 1759లో ఫ్రెంచ్‌వాళ్ళ క్యుబెక్ ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, 1763 ఒప్పందంతో ఫ్రాన్స్ ఆ నేలని వదులుకుంది, అక్కడి జనం మాత్రం భాషని వదల్లేదు. 1912లో ఒంటారియోలో బడుల్లో మొదటి రెండేళ్ళు దాటితే ఫ్రెంచ్‌లో చెప్పకూడదన్నట్టు 17వ నిబంధన తెచ్చారు. 1916లో ఒట్టావాలో ఒక బడిని మూయించడానికి వస్తే తల్లులు టోపీలకి పెట్టుకునే పొడుగాటి పిన్నులు చేత పట్టుకుని గుమ్మం దగ్గర కాపలా కాశారు. అలాంటివాళ్ళ పోరాటాల వల్ల 1969లో ఫ్రెంచ్ కెనడాలో కేంద్ర ప్రభుత్వ స్థాయిలో ఇంగ్లీషుతో సమానంగా అధికార భాష అయింది. క్యుబెక్ బయట ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళ శాతం పడిపోతోందన్న భయంతోనే ఇప్పుడు నీలాంటివాళ్ళను పిలుస్తున్నారు. క్యుబెక్ బండ్ల నంబరు ప్లేట్ల మీద "నాకు జ్ఞాపకం ఉంది" అని రాసి ఉంటుంది. రేపు ఆ బండి వెనకే డ్రైవ్ చేస్తూ, వాళ్ళు జ్ఞాపకం పెట్టుకున్నదేమిటో నీకు తెలియకపోతే ఎలా?

అసలు నన్ను ఎక్కువ మండించేది ఇది కాదు.

ఫ్రెంచ్ కూడా అమాయకమైన భాష కాదు. 1539లో విలెర్-కొత్రే కోటలో ఫ్రాన్స్వా రాజు, కోర్టు కాగితాలన్నీ ఫ్రెంచ్‌లోనే ఉండాలని శాసనం చేశాడు. 1794లో, విప్లవం నడుస్తున్నప్పుడు, గ్రెగ్వార్ అనే మతాచార్యుడు దేశంలో కనీసం 60 లక్షల మందికి ఫ్రెంచే రాదని లెక్క చెప్పి, ఊళ్ళ భాషలన్నిటినీ తుడిచిపెట్టాలన్నాడు. తర్వాత వందేళ్ళకి బడి ఉచితం, నిర్బంధం అయినప్పుడు ఆ పని టీచర్లు చేశారు. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీలో పిల్లవాడు బడిలో తమ భాష బ్రెటన్ మాట్లాడితే వాడి మెడలో ఒక చెక్క ముక్కో పాత చెక్క చెప్పో వేలాడదీసేవాళ్ళు. అది వదిలించుకోవాలంటే బ్రెటన్ మాట్లాడిన ఇంకో పిల్లవాణ్ణి పట్టివ్వాలి. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. స్నేహితుణ్ణి స్నేహితుడి చేతే పట్టించారు.

ఇది చదువుతుంటే నాకు మైదుకూరు గుర్తొచ్చింది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో, తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో ఇక ఎప్పుడూ తెలుగు మాట్లాడనని ఇంగ్లీషులో రాసిన పలకలు వేశారు. పేపర్లలో ఫోటోలు వచ్చాయి, నాలుగు రోజులు అందరం అరిచాం, మర్చిపోయాం. బ్రెటన్లకి ఇవాళ తమ భాషలో బడులు నడుపుకోవడానికి ఇంకా కోర్టులతో పోరాటం తప్పడం లేదు. 2021లో కూడా ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి వాళ్ళకి అడ్డం పడింది. మన మెడలో పలక వేసింది పరాయివాళ్ళు కూడా కాదు.

ఇంటర్‌లో ఏం జరుగుతోందో మీకు తెలియనిదా? మా అక్క కూతుర్ని కాలేజీలో చేర్చడానికి వెళ్తే కౌంటర్ దగ్గరే చెప్పారు, "తెలుగు వద్దండీ, పర్సంటేజీ పడిపోతుంది, సంస్కృతమో ఫ్రెంచో పెట్టుకోండి." ఫ్రెంచ్ పెట్టుకుంది. 98 మార్కులు వచ్చాయి. ఇవాళ ఆ పిల్ల ఫ్రెంచ్‌లో నాలుగు వాక్యాలు చదివి అర్థం చెప్పలేదు, తెలుగులో నాలుగు పద్యాలు చెప్పలేదు. ఒక భాష పోయింది, రెండోది రాలేదు, ఆ 98 అలా కాగితం మీద ఉండిపోయింది. ఆ కాలేజీ వాళ్ళూ, ఇవాళ్టి క్లాసులో సారూ, నవ్విన పిల్లలూ అందరూ ఒకే బడిలో తయారైనవాళ్ళే. భాష అంటే స్కోరు. స్కోరు వస్తే భాషతో పని లేదు. నాకు ఇదే కడుపు మంట, పదేళ్ళ నుంచీ ఇదే.

పోనీ ఫ్రాన్స్ చరిత్ర మనకెందుకు అంటారా? మన గడపలోనే ఉంది. కాకినాడకి ఇంత దగ్గర్లో ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచ్‌వాళ్ళ చేతిలో ఉంది. ఆ ఏడాది జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య ముందు నిలబడి దాన్ని విడిపించారు, కాగితాల మీద బదిలీ 1962లో గానీ పూర్తి కాలేదు. అక్కడి నుంచి 1828లోనే తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలో ఫ్రెంచ్‌వాళ్ళదైన రీయూనియన్ దీవి చెరకు తోటలకి తీసుకెళ్ళారు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చింది బుస్సీ, ఆయన ఎవరి దొర? బందరులో ఫ్రెంచిపేట ఆ పేరుతో ఎందుకుంది? తెలుగువాళ్ళకి ఫ్రెంచ్ చెప్పే పాఠం ఇక్కడ మొదలుపెట్టొచ్చు కదా! మా క్లాసులో ఉన్నవాళ్ళలో సగం మంది గోదావరి జిల్లాల వాళ్ళు. ఒక్కరికీ యానాం ఫ్రెంచ్ పేరు చెప్పలేదు. వాళ్ళు యనావ్ఁ అనేవాళ్ళు.

ఫీజు కట్టేశాను కాబట్టి ఈ కోర్సు పూర్తి చేస్తాను, కానీ వచ్చే బ్యాచ్‌కి ఇక్కడ చేరను. ఫ్రాన్స్ చరిత్ర చదువుకుని, దాని మీదుగా భాష చెప్పేవాళ్ళు హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ ఉంటే కింద రాయండి. యానాం వాళ్ళయితే ఇంకా సంతోషం, మీ ఇళ్ళల్లో ఫ్రెంచ్ బడికి వెళ్ళిన పెద్దవాళ్ళుంటే వాళ్ళతో మాట్లాడాలని ఉంది. ఫీజు మామూలుగానే ఇస్తాం, నాతోపాటు ఇంకొందరు సిద్ధంగా ఉన్నారు. టెంప్లేట్ పీడీఎఫ్‌లు అమ్మేవాళ్ళు మాత్రం దయచేసి ఈ పోస్టు కిందికి రావొద్దు, బ్లాక్ చేస్తాను.