కేబిన్లను కూల్చే ముందు

ఉత్తర ఇంగ్లండ్‌లో సెటిల్ నుంచి కార్లైల్ వెళ్లే కొండ రైలుమార్గంలో గార్స్‌డేల్ అనే చిన్న స్టేషన్ ఉంది. గొర్రెలు మేసే బీళ్లు, అక్కడొకటి ఇక్కడొకటిగా ఇళ్లు తప్ప ఊరంటూ లేని ఆ చోటు 1932 దాకా హాజ్ జంక్షన్. అక్కడ చీలి హాజ్ పట్నానికి పోయే శాఖా మార్గంలో ప్రయాణికుల బండ్లు 1959లో ఆగిపోయాయి. జంక్షన్ పోయినా, 1910లో మిడ్‌లాండ్ రైల్వే కంపెనీ కట్టిన చెక్క సిగ్నల్ కేబిన్, అంటే లివర్లు లాగి సిగ్నళ్లను, పట్టాలను మార్చే గది, నిలిచింది. దాన్ని నిలిపి ఉంచడానికి అందం ఒక్కటే కారణమైతే ఈ సంపాదకీయం అవసరం లేదు. మన జంక్షన్లలోని పాత కేబిన్లను కూల్చే ముందు దాని కథ వినాలి.

మిడ్‌లాండ్ వారివి చిన్న ఇంజన్లు. 1,169 అడుగుల ఎత్తున్న ఏస్‌గిల్ మెట్ట మీదికి బరువైన బండిని లాగాలంటే మరో ఇంజను జోడించక తప్పేది కాదు. సాయానికి వచ్చినవి పని ముగించుకుని ఈ జంక్షన్‌లో టర్న్‌టేబుల్ (ఇంజను ముఖం మళ్లించే తిరుగుడు వేదిక) మీద తిరిగి తమ షెడ్లకు పోయేవి. ఒకసారి గాలి ఉద్ధృతికి ఇంజను టర్న్‌టేబుల్ మీదే గిర్రున తిరిగిందని, ఆ తర్వాతే చుట్టూ స్లీపర్లతో దడి కట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1910 డిసెంబర్ 24 తెల్లవారుజామున గాలీవానల మధ్య ఇలా పెట్టెలు లేకుండా ఒంటరిగా వెళ్లే లైట్ ఇంజన్లను ఒకదాని వెంట ఒకటి పంపుతున్న కేబిన్‌మన్, కార్లైల్ పోవలసిన రెండింటిని సిగ్నల్ దగ్గర నిలిపి, ఆ సంగతే మరిచాడు. ఇరవై నిమిషాల తర్వాత లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఇచ్చాడు. అది తమకేననుకుని ఇంజన్లు కదిలాయి. వెనుక నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ వాటిని సొరంగం దాటాక ఢీకొంది. పెట్టెల్లో గ్యాసు దీపాలు కావడంతో మంటలు లేచి 12 మంది మరణించారు.

ఇలా నిలిచిపోయినప్పుడు ఇంజను సిబ్బందిలో ఒకరు కేబిన్‌కు నడిచివెళ్లి గుర్తు చేయాలన్న నిబంధన అప్పటికే ఉన్నా, ఎవరూ వెళ్లలేదు. లివర్ పిడికి తొడిగే ఇనుప కాలర్ ఒక్కటి ఉంటే, అది తీసే దాకా లివర్ కదలదు. ‘ఇక్కడ బండి ఉంది’ అని చేతికే గుర్తు చేస్తుంది. ఇతర కంపెనీలు వాడుతున్న ఆ కాలర్ హాజ్ జంక్షన్‌లో లేదు. పట్టాల మీద బండి ఉంటే సిగ్నల్ పడకుండా ఆపే ట్రాక్ సర్క్యూట్లు పెట్టాలని విచారణాధికారి మేజర్ ప్రింగిల్ సిఫార్సు చేశారు. ఆ కేబిన్‌లో నిలబడి కిటికీలోంచి చూస్తే, చీకట్లో మనిషి ఏది చూడగలడో, ఏది మరిచిపోగలడో పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

బ్రిటన్ 2013లో ఒకేసారి 26 సిగ్నల్ కేబిన్లకు చట్టరక్షణ కల్పించింది. అదే బ్రిటిష్ పద్ధతి నుంచి వచ్చిన, ముందు మార్గం ఖాళీ అని తెలిపే ‘లైన్ క్లియర్’ మాట వినని జంక్షన్ మన దగ్గరా లేదు. నౌపడ, పాకాల, డోన్ వంటి చోట్ల పెరిగినవారికి కేబిన్ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు: సిగ్నల్‌కు ఎర్రటి లివర్, బండిని ఒక పట్టా నుంచి మరోదానికి మళ్లించే పాయింట్లకు నల్లది, ఆ పాయింట్లను బిగించే తాళాలకు నీలం, చెమటకు తుప్పు పట్టకుండా పిడి మీద గుడ్డముక్క. 2023 నాటికే దేశంలో 6,400కు పైగా స్టేషన్లలో పాయింట్లు, సిగ్నళ్లు ఒకే చోటి నుంచి, పరస్పర విరుద్ధ సిగ్నళ్లు పడకుండా నడిపే కేంద్రీకృత ఇంటర్‌లాకింగ్ కిందికి వచ్చాయి. అది రావలసిందే, లివర్ లాగే రోజులు మళ్లీ కావాలని మేం కోరడం లేదు. కానీ 2023 జూన్ 2న 290 మందికి పైగా ప్రాణాలు తీసిన బాలాసోర్ ప్రమాదంలో, లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గరి సిగ్నల్ పెట్టెలో తీగలకు తప్పుడు గుర్తులుండటం ఒక కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. తీగకు పెట్టే గుర్తుకూ లివర్‌కు తొడిగే కాలర్‌కూ పని ఒకటే.

అందుకే ప్రతి రైల్వే డివిజన్‌లోనూ కనీసం ఒక పల్లెటూరి జంక్షన్ కేబిన్‌ను లివర్లు, పక్క స్టేషన్‌తో ‘లైన్ క్లియర్’ మార్చుకునే బ్లాక్ పరికరం, రిజిస్టర్లతో సహా ఉన్నచోటే ఉంచాలి. లివర్లను ఊడదీసి మ్యూజియంలో నిలబెడితే, అవి ఏ పట్టాలను కదిపేవో చూసేవారికి తెలియదు. కొత్తగా చేరే సిగ్నల్ సిబ్బందికి శిక్షణలో ఒక రోజు అక్కడే గడపాలి. ఏ లివర్ ఏ పాయింట్‌దో కళ్లు మూసుకుని చెప్పగల విశ్రాంత కేబిన్‌మన్లు జంక్షన్ ఊళ్లలో ఇంకా ఉన్నారు. కూల్చివేత టెండర్లు పిలిచే ముందు అధికారులు వారిని పిలవాలి.