వసకొమ్ము గారూ, మీ చిట్టా ఒకసారి చూపిస్తారా?

మహారాజశ్రీ వసకొమ్ము గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. పూర్ణా మార్కెట్లో మీ గిరాకీ ఏమాత్రం తగ్గలేదని విని సంతోషించాను. విశాఖలో మాటలు ఆలస్యమయ్యాయని స్పీచ్ థెరపిస్టునైన నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ముందు మీ దర్శనం చేసుకున్నవారే. సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి నాలుకకు రాస్తే బిడ్డ గడగడా మాట్లాడతాడని మీకు పేరు. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు.

నేనేమో ప్రశ్నలతో ప్రాణం తీస్తాను. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? కావలసింది వేలితో చూపిస్తాడా? రెండేళ్లు నిండినా ‘అమ్మా, పాలు’ అని రెండు మాటలు కలపడం లేదా? అన్నీ అడిగి, చివరికి వినికిడి పరీక్ష చేయించమంటాను. “మాటలు రావడం లేదంటే చెవులు చూస్తానంటావేమిటమ్మా?” అని నాయనమ్మ గారు నా చదువునే అనుమానిస్తారు. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది. వినని మాటను బిడ్డ ఎక్కడి నుంచి తెస్తాడు? తలుపు దడేలుమంటే ఉలిక్కిపడ్డాడు కనుక చెవులు భేషుగ్గా ఉన్నాయని ఇంట్లో తీర్పు అయిపోతుంది. తలుపు చప్పుడు వినబడే బిడ్డకు ‘స’, ‘శ’ వంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చునని మీరైనా వారి చెవిన వేయలేదు.

మీ కీర్తి రహస్యం నాకు తెలుసు. రెండేళ్లకు మాటలు వెనకబడిన పిల్లల్లో, మరే లోపమూ లేకపోతే, సగానికి పైగా బడి ఈడుకు తమంతట తామే అందుకుంటారు. ఆ పుణ్యమంతా మీ ఖాతాలోకి. మిగిలిన పిల్లల సంగతి మేనమామ ఖాతాలోకి: “వాడికీ ఐదేళ్లకు గానీ మాటలు రాలేదు, చూద్దాంలే!” ఇంత సుఖమైన వైద్యం ఎవరికి దక్కుతుంది చెప్పండి?

మావాళ్లూ తక్కువ తినలేదు. పరాయి దేశపు పిల్లల సగటుతో తయారైన పరీక్ష తెచ్చి, మంచుబొమ్మ చూపించి, ఇదేమిటని సముద్రపు గాలిలో పెరిగినవాణ్ణి అడుగుతారు. చెప్పకపోతే మార్కు కోస్తారు. వాడే బీచ్‌లో మురీమిక్స్చర్ బండి కనబడితే “నాన్నా, అది కొను, కారం వద్దు” అంటాడు. ఆ మాట రాసుకోవడమూ పరీక్షలో భాగమే, ఆ మార్కుల కన్నా నేను దాన్నే నమ్ముతాను.

1996లో డేవిడ్ సాకెట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆధారాలతో వైద్యం చేయడమంటే ఏమిటో వివరించారు. పరిశోధనలో తేలినది, వైద్యుడి అనుభవం, రోగి ఇష్టాయిష్టాలు కలిపి నిర్ణయించాలన్నారు. మా వృత్తీ ఆ బాటే పట్టింది. ఆ లెక్కన మిమ్మల్ని నమ్మే అమ్మమ్మ గారి మాటకూ చోటుంది. కానీ ఏడాది లోపు బిడ్డకు తేనె పెడితే బోటులిజం అనే, కండరాలను చచ్చుబరిచే జబ్బు ప్రమాదం ఉందని మొహమాటం లేకుండా చెబుతాను. మీలోని బీటా-అసరోన్ అనే హానికర రసాయనం సంగతి కూడా దాచను. అమెరికా 1968లోనే మిమ్మల్ని ఆహారంలో వాడరాదని నిషేధించింది.

కనుక తిరుగు టపాలో మీ చిట్టా పంపించండి. మిమ్మల్ని నాకి మాట్లాడినవారు, నాకినా మాట్లాడనివారు, అసలు నాకకుండానే మాట్లాడినవారు, ముగ్గురి లెక్కా కావాలి. మేనమామల సాక్ష్యం చెల్లదు.

ఇట్లు,
ఎప్పుడూ మీ తరువాతే పిలుపు అందుకునే
స్పీచ్ థెరపిస్ట్