గుళికలు శాశ్వతం కాదండీ

కంప్రెసర్ గాలిని ఆరబెట్టే డ్రైయర్ గురించిన మీ వ్యాసంలో, ఒకసారి తేమ పట్టే గుళికలు నింపితే ఇక మార్చే పనే లేదన్నట్టు రాశారు. కంప్రెసర్ల దగ్గర చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఒప్పుకోలేను.

మా డ్రైయర్‌లో రెండు టవర్లు, రెండింటా యాక్టివేటెడ్ అల్యూమినా అనే తేమ పట్టే గుళికలు. ఒకటి గాలిలో తేమ పడుతుంటే రెండోది పట్టిన తేమను వదిలించుకుంటుంది. కొన్ని నిమిషాలకోసారి పని మార్చుకుంటాయి. హీటర్ లేని రకానికి, ఆరబెట్టిన గాలిలోనే సుమారు 15 శాతం ఈ వదిలించడానికి ఖర్చు. కరెంటు బిల్లు కట్టేవాళ్లకు అసలు సంగతి ఇదే, వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

తేమ వల్ల గుళికలు అంత తొందరగా పాడవవు. పాడుచేసేది కంప్రెసర్ నుంచి గాలితో వచ్చే నూనె. సన్నటి రంధ్రాల్లోకి చేరిందంటే మామూలు రీజనరేషన్‌కు, అంటే ఆ తేమ వదిలించే పనికి, లొంగదు. ఒకసారి డ్రైయర్‌కు ముందుండే, నూనెను ఆపే ఫిల్టర్ మార్చడం మేం "వచ్చే నెల చూద్దాం" అని వాయిదా వేశాం. తెల్లటి గుళికలు టీ రంగుకొచ్చాయి. మైనస్ 40 డిగ్రీలుండాల్సిన డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగానో మంచుగానో మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సున్నా దాటింది, వాల్వుల్లో నీళ్లు, రాత్రంతా టెన్షన్! చివరికి రెండు టవర్లూ ఖాళీ చేసి కొత్తవి పోశాం.

ఇంకోటి, తేమ గుళికల ఉపరితలానికి పట్టుకోవడాన్ని మీరు రాసినట్టు "శోషణ" అనరు, అధిశోషణ అంటారు. సరిదిద్దండి.